మొబైల్ యాప్ మొదలుపెట్టడానికి ఏమేం కావాలి? ల్యాప్‌టాప్ కొనడం ఆఖరి మెట్టు

యాప్‌లు చేయడం నేర్చుకుంటానని చెప్పగానే ఎదుటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఏ ల్యాప్‌టాప్ కొంటున్నావ్?" అని. నేనూ అక్కడే మొదలుపెట్టి దెబ్బతిన్నాను. మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న మెషీన్ చూసి ముచ్చటపడి కొన్నాను. ర్యామ్ మాత్రం 8 జీబీ, అదీ బోర్డుకే అతికించినది, పెంచుకునే దారి లేదు. గ్రాఫిక్స్ కార్డుకు నేను చెప్పిన పనే లేదు, ర్యామ్‌కేమో రోజూ ఊపిరాడలేదు. అందుకే ఇక్కడ కొనడం గురించి చివర్లో చెప్తాను. ముందు చేయాల్సిన పనులు చాలానే ఉన్నాయి, వాటిలో చాలావాటికి ఖర్చే లేదు.

1. ఏ ఫోన్ల కోసమో తేల్చుకోండి

మిగతా నిర్ణయాలన్నీ దీన్నిబట్టే ఉంటాయి. ఆండ్రాయిడ్ యాప్‌ను విండోస్‌లో చేయవచ్చు, లినక్స్‌లో చేయవచ్చు, మ్యాక్‌లోనూ చేయవచ్చు. ఐఫోన్ సంగతి అలా కాదు. ఐఫోన్ యాప్‌లు తయారుచేసే ఎక్స్‌కోడ్ మ్యాక్‌ఓఎస్ మీద తప్ప నడవదు. మ్యాక్‌ఓఎస్‌ను యాపిల్ కంప్యూటర్లలో తప్ప ఇంకెక్కడా ఎక్కించడానికి దాని లైసెన్సు ఒప్పుకోదు. మామూలు పీసీలో మ్యాక్‌ఓఎస్ ఎక్కించే చిట్కాలు వీడియోల్లో కనిపిస్తుంటాయి. వాటి జోలికి పోకండి, నేర్చుకోవాల్సిన సమయమంతా ఆ మరమ్మతులకే సరిపోతుంది.

"ఫ్లట్టర్‌తో రాస్తే రెండిట్లోనూ నడుస్తుందట కదా?" అని మీరు అడగొచ్చు. అది సగం నిజం. ఫ్లట్టర్‌లో డార్ట్ భాషతోనో, రియాక్ట్ నేటివ్‌లో జావాస్క్రిప్ట్‌తోనో రాసిన కోడ్ రెండు రకాల ఫోన్లకూ పనికొస్తుంది, రాయడమంతా విండోస్‌లోనే కానివ్వచ్చు. కానీ ఐఫోన్‌లోకి ఎక్కే ఫైలు తయారు కావాలంటే ఎక్కడో ఒకచోట మ్యాక్ ఉండాల్సిందే. అది మీ బల్ల మీద ఉన్నదైనా సరే, కోడ్‌మ్యాజిక్, ఎక్స్‌పో లాంటి సేవలు క్లౌడ్‌లో నడిపేదైనా సరే.

నా సలహా సూటిగా చెప్తాను. మ్యాక్ లేకపోతే ఆండ్రాయిడ్‌తో మొదలుపెట్టండి. మ్యాక్ ఉండి, మీ చేతిలో ఐఫోన్ ఉంటే యాపిల్ వారి స్విఫ్ట్ భాషతో మొదలుపెట్టండి. చేతిలో ఉన్న ఫోన్‌లో మీరు రాసిన యాప్ తెరుచుకుంటే కలిగే ఉత్సాహం చిన్నది కాదు, మొదటి నెల అంతా దాని మీదే నడుస్తుంది.

భాష గురించి ఎక్కువ మథనపడక్కర్లేదు. ఆండ్రాయిడ్‌లో కాట్లిన్ భాషకు 2017లో అధికారిక గుర్తింపు వచ్చింది, 2019 నుంచి గూగుల్ దానికే మొదటి పీట వేస్తోంది. మీరు చూడాల్సింది ఇంకొకటి ఉంది. తెర మీద బటన్లు, బొమ్మలు అమర్చే పద్ధతి మారిపోయింది. కొత్త పద్ధతి పేరు జెట్‌ప్యాక్ కంపోజ్, దాని మొదటి స్థిర వెర్షన్ 2021 జులైలో వచ్చింది. మీరు ఎంచుకున్న పాఠాలు అంతకుముందువైతే అవి ఎక్స్‌ఎంఎల్ లేఅవుట్లు అనే పాత పద్ధతిలో నడుస్తాయి. ఒక పాఠం పాతది, మరొకటి కొత్తది కలిపి చదివితే తల తిరిగిపోతుంది. ఐఫోన్ వైపు కూడా ఇదే కథ, అక్కడ 2019లో వచ్చిన స్విఫ్ట్‌యూఐ కొత్త పద్ధతి.

2. ఉన్న కంప్యూటర్‌ను కొలవండి

విండోస్ అయితే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి మూడు సంగతులు రాసుకోండి: మెమరీ ఎంత, డిస్క్ ఎస్‌ఎస్‌డియా పాత తిరిగే హార్డ్‌డిస్కా, సీపీయూ పేజీలో వర్చువలైజేషన్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపే సౌకర్యం) ఎదురుగా 'ఎనేబుల్డ్' అని ఉందా లేదా.

మెమరీ ఎందుకింత ముఖ్యమో ఒకసారి లెక్క వేద్దాం. ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే సాఫ్ట్‌వేర్ ఆండ్రాయిడ్ స్టూడియో మామూలుగా తనకోసం 2 జీబీ దాకా మెమరీ (హీప్) పెట్టుకుంటుంది. యాప్‌ను బిల్డ్ చేసే, అంటే కోడ్‌ను ఫోన్‌లోకి ఎక్కే ఫైలుగా మార్చే గ్రేడిల్ వేరే ప్రాసెస్‌గా నడుస్తుంది. కొత్త ప్రాజెక్టులో దానికీ 2 జీబీ పరిమితి రాసి ఉంటుంది. కాట్లిన్ కంపైలర్ పక్కన ఇంకొంత తింటుంది. ఎమ్యులేటర్ (ఉత్తుత్తి ఫోన్) తెరిస్తే మరో 2 జీబీ, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. వీటి కింద విండోస్ ఉంది, పక్కన పాఠాలు చూసే బ్రౌజర్ ఉంది. 8 జీబీ ఎక్కడికి పోయిందో తెలిసిందిగా! గూగుల్ చెప్పే లెక్క కూడా ఇలాగే ఉంటుంది. స్టూడియో ఒక్కటే అయితే కనీసం 8 జీబీ, ఎమ్యులేటర్ కూడా కావాలంటే 16.

మరి 8 జీబీ ఉన్నవాళ్లు ఆశ వదులుకోవాలా? అక్కర్లేదు. ఎమ్యులేటర్‌ను పక్కన పెట్టి అసలు ఫోన్‌లోనే నడిపి చూసుకుంటే నేర్చుకునే దశ హాయిగా గడిచిపోతుంది. 4 జీబీ అయితే మాత్రం ఆండ్రాయిడ్ స్టూడియో మీద సమయం వృథా చేయకండి. ర్యామ్ పెంచుకునేలోపు బ్రౌజర్‌లోనే నడిచే కాట్లిన్ ప్లేగ్రౌండ్‌లోనో డార్ట్‌ప్యాడ్‌లోనో భాష నేర్చుకోండి.

డిస్క్ తిరిగేదైతే మొదటి ఖర్చు అక్కడ పెట్టండి. యాప్ బిల్డ్ అంటే కొన్ని వేల చిన్న చిన్న ఫైళ్లు చదవడం, రాయడం. ఆ పనిలో హార్డ్‌డిస్క్ నత్తనడక నడుస్తుంది. పాత ల్యాప్‌టాప్‌కు ఎస్‌ఎస్‌డి వేస్తే వచ్చే తేడా ప్రాసెసర్ మార్చినా రాదు.

3. ఫోను, దానికన్నా ముఖ్యంగా కేబులు

మొదటిసారి నా ఫోన్ కలిపినప్పుడు చార్జింగ్ ఎక్కింది కానీ స్టూడియోలో దాని పేరు కనిపించలేదు. డ్రైవర్లు మార్చాను, స్టూడియో తీసేసి మళ్లీ వేశాను, చివరికి విండోస్‌నే తిట్టుకున్నాను. రెండు సాయంత్రాలు పోయాక తెలిసింది, తప్పు కేబుల్‌ది. చార్జింగ్ కోసమే చేసిన కేబుళ్లలో డేటా తీగలు ఉండవు. చూడ్డానికి మామూలు కేబుల్‌లాగే ఉంటుంది. దీన్ని పసిగట్టడం తేలిక. ఫోన్ కలిపినప్పుడు అందులోని ఫొటోలు కంప్యూటర్‌లో తెరవగలిగితే కేబుల్ మంచిదే. అలాంటిది ఒకటి దొరికాక దాని మీద రంగు టేపు చుట్టి, ఇంట్లో ఎవరూ ముట్టుకోని చోట పెట్టండి.

తర్వాతి వరస ఇది (కంప్యూటర్‌లో ఆండ్రాయిడ్ స్టూడియో ఉండాలి, ఎక్కించడం గురించి 4వ భాగంలో చెప్తాను). ఫోన్ సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ తెరిచి బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తట్టండి. కొన్ని ఫోన్లలో అది ఇంకో అర లోపల ఉంటుంది, వెతుక్కోవాలి. "మీరిప్పుడు డెవలపర్" అన్న అర్థం వచ్చే మాట తెర మీద మెరుస్తుంది (నిజమైన డెవలపర్ అవడానికి ఇంకా టైముంది, అది వేరే సంగతి). ఇప్పుడు సెట్టింగ్స్‌లో డెవలపర్ ఆప్షన్స్ అనే కొత్త పేజీ చేరుతుంది. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి కేబుల్ కలపండి. ఈ కంప్యూటర్‌ను నమ్మాలా అని ఫోన్ అడుగుతుంది, ఒప్పుకోండి. ఈ ప్రశ్న తెర లాక్ అయి ఉంటే కనబడదు, చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

ఆ పైన టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే కిటికీ) 'ఏడీబీ డివైసెస్' కమాండ్ ఇస్తే ఫోన్ నంబరు పక్కన 'డివైస్' అని రావాలి. 'అనాథరైజ్డ్' అని వస్తే ఫోన్‌లో ఆ ప్రశ్నకు మీరింకా ఒప్పుకోలేదన్నమాట. అసలేమీ రాకపోతే మొదట కేబుల్‌ను, తర్వాత విండోస్ డ్రైవర్‌ను అనుమానించండి. కొన్ని కంపెనీల ఫోన్లలో యూఎస్‌బీ ద్వారా యాప్ ఎక్కించడానికి వేరే స్విచ్ ఉంటుంది, అదీ డెవలపర్ ఆప్షన్స్‌లోనే.

ఆండ్రాయిడ్ 11 నుంచి వైర్‌లెస్ డీబగ్గింగ్ వచ్చింది. ఫోను, కంప్యూటరు ఒకే వైఫైలో ఉంటే క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి కలుపుకోవచ్చు. యూఎస్‌బీ పోర్టు వదులైపోయిన పాత ఫోన్లకు ఇది వరం.

ఏ ఫోన్ మంచిదంటారా? పాతది. డ్రాయర్‌లో పడి ఉన్నది ఒకటి బయటికి తీయండి. దానికి రెండు కారణాలున్నాయి. డెవలపర్ ఆప్షన్స్ తెరిచి ఉన్న ఫోన్లలో కొన్ని బ్యాంకు యాప్‌లు నడవనని మొరాయిస్తాయి, కాబట్టి రోజువారీ ఫోన్‌ను ఇందులోకి లాగకపోవడమే మేలు. రెండోది అసలు కారణం. ఖరీదైన ఫోన్‌లో ఏ యాప్ అయినా వేగంగానే కనిపిస్తుంది. మీ జాబితా తెర పైకి జరుపుతుంటే తడబడుతోందని చెప్పేది నాలుగైదేళ్ల కిందటి ఫోనే. తెలుగులో యాప్ చేస్తున్నట్టయితే అదే ఫోన్‌లో అక్షరాల సైజు పెద్దది చేసి చూడండి. బటన్ ఎత్తును అంకెల్లో బిగించి ఉంటే కింద ఒత్తులు తెగిపోతాయి. ఇంగ్లిష్ అక్షరాలతో ఎన్నిసార్లు పరీక్షించినా ఈ తప్పు బయటపడదు.

4. సాఫ్ట్‌వేర్ ఎక్కించడం

ఆండ్రాయిడ్ స్టూడియో ఉచితం. జెట్‌బ్రెయిన్స్ వారి ఇంటెల్లిజే ఐడియా మీద కట్టినది, 1.0 వెర్షన్ 2014 డిసెంబరులో వచ్చింది. ఎక్లిప్స్ అనే పాత సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టమని చెప్పే పాఠం కనిపిస్తే అది అంతకన్నా పాతదని గ్రహించి మూసేయండి. జావా విడిగా ఎక్కించక్కర్లేదు, కావాల్సిన జేడీకే (జావా పనిముట్ల కట్ట) స్టూడియో తనతోనే తెచ్చుకుంటుంది.

ఎక్కించేముందు మాత్రం ఒకటి చూసుకోండి. మీ విండోస్ యూజర్ ఫోల్డర్ పేరు తెలుగులో ఉందా? ఉంటే తిప్పలు తప్పవు. ఎస్‌డీకే (ఆండ్రాయిడ్ పనిముట్ల కట్ట), గ్రేడిల్ ఫైళ్లు మామూలుగా ఆ ఫోల్డర్ లోపలికే వెళ్తాయి. ఫైలు ఉన్న చోటు పేరులో (పాత్‌లో) ఇంగ్లిష్ కాని అక్షరాలు ఉంటే విండోస్‌లో బిల్డ్ ఆగిపోయే ప్రమాదం ఉంది. మన భాష మీద మమకారం కోడ్ లోపల చూపించుకుందాం. ఫోల్డర్ల పేర్లు మాత్రం ఇంగ్లిష్‌లో, మధ్యలో ఖాళీలు లేకుండా పెట్టండి. సీ డ్రైవ్‌లో నేరుగా ఒక చిన్న ఫోల్డర్ చేసుకుని ప్రాజెక్టులన్నీ అందులో ఉంచితే గొడవే ఉండదు.

మొదటి ప్రాజెక్టు తెరిచాక కింద ఒక గీత కదులుతూ 'గ్రేడిల్ సింక్' అంటుంది. మొదటిసారి అది చాలాసేపు పడుతుంది, ఎందుకంటే కావాల్సిన లైబ్రరీలన్నీ దించుకుంటోంది. ఆగిపోయిందనుకుని మధ్యలో మూసేయకండి. మంచి ఇంటర్నెట్ ఉన్న చోట ఈ ఒక్క పని ముగించుకుంటే తర్వాత చాలామటుకు నెట్ లేకుండానే పని చేసుకోవచ్చు. యాంటీవైరస్ ప్రతి ఫైలునూ తడిమి చూడటం వల్ల కూడా బిల్డ్ నెమ్మదిస్తుంది. ప్రాజెక్టు ఫోల్డర్లను దాని తనిఖీ నుంచి మినహాయించమని స్టూడియోనే అడుగుతుంది, ఒప్పుకోవచ్చు.

ఎస్‌డీకే మేనేజర్‌లో కనిపించిన ప్రతిదానికీ టిక్కు పెట్టకండి. ఒక ఆండ్రాయిడ్ వెర్షన్ చాలు.

ఫ్లట్టర్ ఎంచుకున్నవాళ్లు వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో రాసుకోవచ్చు, అది తేలికగా నడుస్తుంది. అయినా ఆండ్రాయిడ్ ఎస్‌డీకే కావాలి కాబట్టి స్టూడియోను ఒకసారి ఎక్కించడమే తేలిక దారి. 'ఫ్లట్టర్ డాక్టర్' అనే కమాండ్ ఇస్తే ఏది ఉంది, ఏది లేదు అని వరసగా చెప్తుంది. అన్నీ పచ్చగా మారాలని పట్టుబట్టకండి. మీరు వాడనివాటి పక్కన ఇంటూ మార్కు ఉన్నా నష్టం లేదు.

5. ఎమ్యులేటర్, అవసరమైతేనే

కంప్యూటర్ తెర మీద కనిపించే ఉత్తుత్తి ఫోన్ ఇది. ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ ఆన్‌లో లేకపోతే ఇది భరించలేనంత నెమ్మది. ఇందాక టాస్క్ మేనేజర్‌లో 'డిసేబుల్డ్' అని కనిపించినవాళ్లు బయాస్‌లోకి (కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరిచే సెట్టింగ్స్) వెళ్లి ఇంటెల్ అయితే వీటీ-ఎక్స్, ఏఎండీ అయితే ఎస్‌వీఎం అనే మాట వెతికి ఆన్ చేయాలి. ఎమ్యులేటర్ వేగం కోసం ఇంటెల్ హాక్సమ్ ఎక్కించమనే పాత పాఠాలను పట్టించుకోకండి, దాన్ని 2023లో ఆపేశారు. ఇప్పుడు విండోస్ ఫీచర్ల జాబితాలో 'విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్' టిక్కు పెడితే సరిపోతుంది. లినక్స్‌లో కేవీఎం ఆ పని చేస్తుంది.

మీ దగ్గర లేని టాబ్లెట్ తెర ఎలా ఉంటుందో, ఆండ్రాయిడ్ పాత వెర్షన్‌లో యాప్ తెరుచుకుంటుందో లేదో, లొకేషన్ మారితే ఏమవుతుందో చూడటానికి ఎమ్యులేటర్ బంగారం. కెమెరా, బ్లూటూత్, బ్యాటరీ వాడకం, నిజమైన వేగం తెలుసుకోవాలంటే ఫోనే దిక్కు. ఒక్కో ఎమ్యులేటర్ డిస్క్‌లో కొన్ని జీబీలు ఆక్రమిస్తుంది. పని అయిపోయినవి తీసేస్తుండండి.

6. మ్యాక్ ఉన్నవాళ్లకు

ఎక్స్‌కోడ్ కూడా ఉచితమే, యాప్ స్టోర్‌లో దొరుకుతుంది. చోటు మాత్రం బాగా తింటుంది, 256 జీబీ డిస్క్ ఉన్నవాళ్లు ముందే ఫొటోలు, వీడియోలు బయటికి మార్చుకోవాలి. మామూలు యాపిల్ ఐడీతోనే మీ ఐఫోన్‌లో మీ యాప్ ఎక్కించుకోవచ్చు. కాకపోతే అది ఏడు రోజులే పనిచేస్తుంది, తర్వాత మళ్లీ ఎక్కించాలి. నేర్చుకునేవాళ్లకు ఇది పెద్ద అడ్డంకి కాదు, రోజూ ఎలాగూ మళ్లీ మళ్లీ ఎక్కిస్తూనే ఉంటారు. ఐఓఎస్ 16 నుంచి ఫోన్‌లో డెవలపర్ మోడ్ కూడా ఆన్ చేయాలి. ప్రైవసీ అండ్ సెక్యూరిటీ పేజీ అడుగున ఉంటుంది.

మ్యాక్ లేదు, ఐప్యాడ్ ఉందంటారా? స్విఫ్ట్ ప్లేగ్రౌండ్స్ యాప్‌లో 2021 డిసెంబరు నుంచి పూర్తి యాప్ తయారుచేసి యాప్ స్టోర్‌కు పంపే వీలు కూడా ఉంది. పెద్ద ప్రాజెక్టులకు చాలదు కానీ మొదటి అడుగులకు బాగుంటుంది.

7. గిట్, తాళంచెవి

కోడ్‌లో చేసిన మార్పులను గుర్తుపెట్టుకునే గిట్‌ను మొదటి రోజే నేర్చుకోండి. మొత్తం అక్కర్లేదు, కమిట్ (మార్పులు నమోదు చేయడం), పుష్ (వాటిని ఆన్‌లైన్ కాపీకి పంపడం), పాత కమిట్‌కు వెనక్కి వెళ్లడం వస్తే చాలు. నిన్న నడిచిన యాప్ ఇవాళ నడవకపోతే ఏం మార్చామో కళ్లముందు కనిపించాలి. ప్రాజెక్టులను జిప్ చేసి 'ఫైనల్', 'ఫైనల్ 2', 'అసలు ఫైనల్' అని పేర్లు పెట్టుకున్న రోజులు నాకింకా గుర్తే.

యాప్‌ను ప్లే స్టోర్‌కు పంపేటప్పుడు కీస్టోర్ అనే ఫైలుతో సంతకం చేస్తారు. ఆ ఫైలును, పాస్‌వర్డును గిట్‌లో పెట్టకండి, అలాగని ఒక్క ల్యాప్‌టాప్‌లోనే ఉంచకండి. అసలు సంతకపు తాళంచెవిని గూగులే దాచుకునే ప్లే యాప్ సైనింగ్ వచ్చాక, మీ దగ్గరుండే తాళంచెవి (అప్‌లోడ్ కీ) పోయినా గూగుల్‌ను అడిగి మార్చించుకునే వీలుంది. అయినా పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ పెట్టుకోవడం ఎంతసేపు?

8. ఖాతాలు, మనుషులు

నేర్చుకునేటప్పుడు ఈ ఖర్చు అక్కర్లేదు. స్టోర్‌లో పెట్టాలనుకున్న రోజు గూగుల్‌కు ఒక్కసారి 25 డాలర్లు, యాపిల్‌కు ఏటా 99 డాలర్లు కట్టాలి.

గూగుల్ వైపు చాలామందికి చివరి నిమిషంలో తెలిసే నిబంధన ఒకటుంది. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలైతే యాప్‌ను అందరికీ విడుదల చేసేముందు కనీసం 12 మందితో వరసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్టింగ్ (మీరు పిలిచినవాళ్లే వాడి చూడటం) చేయించాలి. మొదట 20 మంది అన్నారు, తర్వాత తగ్గించారు. అంటే మీ పనిముట్ల పెట్టెలో 12 మంది స్నేహితుల ఆండ్రాయిడ్ ఫోన్లు కూడా ఉండాలన్నమాట. యాప్ సగంలో ఉండగానే వాళ్లను అడిగిపెట్టుకోండి.

9. ఇప్పుడు కొనండి

నెల రోజులు ఉన్నదాంతో పనిచేశాక మీ మెషీన్ ఎక్కడ నొప్పి పెడుతోందో మీకే తెలుస్తుంది. బిల్డ్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. మెమరీ అంచు దాకా నిండితే ర్యామ్ కావాలి. మెమరీ ఖాళీగా ఉండి సీపీయూ నూటికి నూరు కొడుతుంటే ప్రాసెసర్ కావాలి. మొదటిదే ఎక్కువగా కనిపిస్తుంది. అదే అయితే కొత్త మెషీన్ అక్కర్లేకుండా ఒక ర్యామ్ ముక్కతో పని తీరిపోవచ్చు.

కొత్తది కొనాల్సివస్తే 16 జీబీకి తక్కువ వద్దు, చేతనైతే 32. ఎస్‌ఎస్‌డి 512 జీబీ. తెర పూర్తి హెచ్‌డీ అయినా ఉండాలి, ఎడమ పక్క ఫైళ్లు, మధ్యలో కోడ్, కుడి పక్క ప్రివ్యూ పట్టాలి. గేముల యాప్‌లు చేయాలనుకుంటే తప్ప విడి గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్ నచ్చితే ఆండ్రాయిడ్ స్టూడియో అవసరాల పేజీలో దాని పేరు ఉందో లేదో చూశాకే ముందుకెళ్లండి. వాడిన మ్యాక్ కొనేవాళ్లు ఇంటెల్‌వి చవగ్గా దొరికినా వదిలేయండి. మ్యాక్‌ఓఎస్ 26 ఇంటెల్ మ్యాక్‌లకు ఆఖరి వెర్షన్ అని యాపిల్ 2025లోనే చెప్పేసింది. కొత్త ఎక్స్‌కోడ్ కొత్త మ్యాక్‌ఓఎస్‌నే అడుగుతుంది కాబట్టి యాపిల్ సొంత చిప్ ఎం1, ఆ తర్వాతవి ఉన్నవే తీసుకోండి.

విండోస్ ల్యాప్‌టాప్ అయితే డబ్బు కట్టేముందు ఒకసారి దాన్ని ఆన్ చేయించి, టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరవండి. అక్కడ ఫార్మ్ ఫ్యాక్టర్ అని ఒక వరస ఉంటుంది. దాని ఎదురుగా 'ఎస్‌ఓడిమ్' అని ఉంటే ర్యామ్ విప్పి మార్చుకునే రకం. 'రో ఆఫ్ చిప్స్' అని ఉంటే బోర్డుకు అతికించిన రకం, ఇప్పుడు ఎంత ఉందో ఎప్పటికీ అంతే. నా పాత ల్యాప్‌టాప్‌లో ఆ రెండో మాటే ఉంది. కొన్న ఏడాదికి గానీ నేను ఆ పేజీ తెరవలేదు.